ఒకే ఊరు, ఇన్ని గేట్లు: తిరుపతి ఉపకులపతులకు, డైరెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, డైరెక్టర్లకు,

నమస్కారాలు. నేను రాయలసీమలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. మీ ఊళ్లోనే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశాను. కిందటి వేసవిలో నా పూర్వ విద్యార్థిని ఒకరు ఫోను చేశారు. ఆమె ఇప్పుడు తిరుపతిలో స్వర్ణముఖి నది పరీవాహకంలోని బావుల నీటిపై పరిశోధన చేస్తున్నారు. అదే ప్రాంతపు బావుల మీద 1970లలో సమర్పించిన ఒక సిద్ధాంత గ్రంథం ఆమెకు కావాలి. అది అచ్చు కాలేదు, కంప్యూటర్లోకి ఎక్కలేదు. టైపు చేసిన ఒక్క ప్రతి పక్క ప్రాంగణంలోని గ్రంథాలయంలో ఉంది. ఆమె హాస్టలు నుంచి అక్కడికి నడిస్తే పావుగంట.

మొదటిరోజు గేటు దగ్గరే ఆపేశారు. మీ గుర్తింపు కార్డు ఇక్కడ చెల్లదు, మీ సంస్థ నుంచి లేఖ తెచ్చుకోండి అన్నారు. గైడు సంతకం, విభాగాధిపతి సంతకం, రిజిస్ట్రార్ కార్యాలయం ముద్ర పూర్తయ్యేసరికి పదకొండు రోజులు పట్టింది. లేఖ పట్టుకుని వెళితే గ్రంథాలయాధికారి సెలవులో ఉన్నారు. కౌంటరులో ఉన్న ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారట. "ఇలాంటివాటి గురించి మాకు ఆదేశాలేమీ లేవమ్మా" అన్నారట.

ఆ రెండు సంస్థల మధ్య పరస్పర సహకారానికి అవగాహన ఒప్పందం ఉంది. దస్త్రాలు మార్చుకుంటున్న ఫొటో పత్రికలో వచ్చినప్పుడు నేనే చూసి సంతోషించాను.

ఆ ఉద్యోగి మీద నాకు కోపం లేదు, ఆయన ఉన్నమాటే చెప్పారు. ఒప్పందం ఉపకులపతుల గదిలో జరిగింది, కౌంటరు దాకా రాలేదు. మీ అందరికీ ఈ లేఖ రాయడానికి కారణం అదే. అన్ని సంస్థల పరిశోధక విద్యార్థులకు చెల్లే ఒక ఉమ్మడి పఠన కార్డుతో మొదలుపెట్టి, మీ గ్రంథాలయాలను, యంత్రాలను, పాఠాలను ఒకరికొకరు తెరవాలని నా కోరిక. ఏ సంస్థలో, ఏ గేటు దగ్గర అన్నది ఇక్కడ రాయను. ఏ గేటు దగ్గరైనా ఇదే జరిగి ఉండేదని నాకు తెలుసు.

మన ఊరు ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా ఒక్కసారి వరసగా తలచుకుందాం. దేవస్థానం 1939లో ప్రాచ్య పరిశోధన సంస్థను స్థాపించింది. అన్నమయ్య రాగిరేకులను పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పనిచేసింది అక్కడే. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. మరుసటేడు పశువైద్య కళాశాల, 1960లో వైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల, అదే ఏడు సంస్కృత విద్యాపీఠం మొదలయ్యాయి. 1983లో మహిళా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత పదేళ్లకు స్విమ్స్ (ఇప్పుడు వైద్య విశ్వవిద్యాలయం), 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం, 2006లో వేద విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2015లో ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) రెండూ ఒకే ఏడాది వచ్చి, కొంతకాలం తాత్కాలిక భవనాల్లో నడిచి, ఇప్పుడు రెండూ ఏర్పేడు మండలంలో స్థిరపడ్డాయి. 2020లో సంస్కృత విద్యాపీఠం కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఈ పరిమాణంలో ఉన్న ఊరికి ఇన్ని ఉన్నత విద్యాసంస్థలు తెలుగు రాష్ట్రాల్లో మరెక్కడా నాకు కనిపించలేదు. ఏర్పేడులో ఉన్నవాటిని పక్కన పెడితే మిగిలినవన్నీ కొద్ది కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. చాలా ప్రాంగణాల మధ్య ఉన్నది ఒక రోడ్డు, ఒక గోడ.

ఇరవై ఏళ్ల కిందట నేను పరిశోధన చేసింది కూడా స్వర్ణముఖి నీళ్ల మీదే. బావి నీటిలో సీసం, క్రోమియం, జింకు ఎంతెంత ఉన్నాయో కొలవాలి. దానికి ఆటమిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోమీటర్ కావాలి. మా విభాగంలో ఉన్నది పాడై చాలాకాలమైంది. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టి, చుక్క చుక్కగా నత్రికామ్లం కలిపి, అట్టపెట్టెలో గడ్డి సర్ది, తెల్లవారకముందే రైలెక్కి చెన్నై వెళ్లేవాడిని. అక్కడ డబ్బు కట్టి, నమూనాలు ఇచ్చి, రాత్రికి తిరిగి వచ్చేవాడిని. ఫలితాలు రావడానికి మూడు నాలుగు వారాలు పట్టేది. ఏదైనా సీసా లెక్క అనుమానంగా కనిపిస్తే మళ్లీ రైలు ఎక్కాల్సిందే. అలా తొమ్మిదిసార్లు తిరిగాను. సిద్ధాంత గ్రంథం సమర్పించిన తర్వాత ఒక పెళ్లిలో కలిసిన మిత్రుడు మాటల్లో చెప్పాడు. మట్టి, పశువుల దాణా పరీక్షల కోసం కొన్న అదే పరికరం, నేను రోజూ సైకిలు మీద దాటి వెళ్లే ఒక గేటు లోపల పనిచేస్తూ ఉందట. వారంలో రెండురోజులే దానికి పని ఉండేదట.

ఆ మాట విన్నప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. డబ్బు లేక, పరికరం లేక కష్టపడితే ఓర్చుకోవచ్చు. పరికరం ఉంది, నడిపే మనిషి ఉన్నాడు, ఆ సంగతి నాకు చెప్పే ఏర్పాటే లేదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. ప్రభుత్వ నిధులతో కొన్న పరికరాల వివరాలు దేశమంతటికీ ఒకేచోట కనిపించేలా ఐ-స్టెమ్ పోర్టల్ 2020 జనవరిలో ప్రారంభమైంది. పరిశోధన పత్రికల విషయంలో మార్పు ఇంకా పెద్దది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 అంతర్జాతీయ పత్రికలు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వస్తున్నాయి. ఒకప్పుడు ఐఐటీ విద్యార్థి చదవగలిగిన వ్యాసం రాష్ట్ర విశ్వవిద్యాలయ విద్యార్థికి దొరికేది కాదు. ఆ అంతరం తగ్గుతోంది, మంచిదే. అయితే ఢిల్లీ నుంచి పంచగలిగేది తెరమీద కనిపించేదాన్నే. అచ్చుకాని సిద్ధాంత గ్రంథాలు, తాళపత్రాలు, వృక్షశాస్త్ర విభాగంలో దశాబ్దాలుగా భద్రపరచిన ఎండు మొక్కల నమూనాలు, పరికరాలు, వాటిని నడిపే చేతులు, పాఠం చెప్పే గురువులు ఢిల్లీ నుంచి రారు. అవి ఇరుగుపొరుగుల మధ్యే మారాలి. పోర్టల్‌లో పరికరం పేరు కనిపిస్తుంది సరే, దాన్ని నడిపే టెక్నీషియన్‌ను ఎప్పుడు కలవాలో, నమూనా ఎలా తయారుచేసుకుని తేవాలో చెప్పేది పొరుగువారే.

ఈ ఏర్పాటు ఇంతకాలం ఎందుకు జరగలేదో ఆలోచించాను. మీలో ఎవరికీ ఇష్టం లేక కాదు. మీలో ఇద్దరు రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ వైపు చూడాలి. ఒకరు పశుసంవర్థక శాఖ వైపు చూడాలి. వ్యవసాయ కళాశాల యాజమాన్యం గుంటూరు వైపు ఉంది. రెండు సంస్థలకు దేవస్థానంతో ముడి ఉంది. మూడు సంస్థలు కేంద్ర విద్యాశాఖ కిందివి, ఆ మూడూ మూడు వేర్వేరు చట్టాల కింద నడుస్తాయి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ‘కలిసి పనిచేయండి’ అని చెప్పగల అధికారి ఎవరూ లేరు. పైనుంచి ఆదేశం వస్తుందని ఎదురుచూస్తే ఇంకో యాభై ఏళ్లయినా రాదు. మీ అంతట మీరు పూనుకోవాలి. అందుకే ఈ లేఖ ఏ మంత్రిగారికీ రాయలేదు.

ఇలా పూనుకున్నవారు లేకపోలేదు. అమెరికాలోని పశ్చిమ మసాచుసెట్స్‌లో కనెక్టికట్ నది లోయ ఉంది. అక్కడి పొందిక మన ఊరికి చాలా దగ్గరగా కనిపిస్తుంది నాకు. ఒక పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయం, దాని చుట్టూ చిన్న కళాశాలలు, వాటిలో స్మిత్, మౌంట్ హోల్యోక్ రెండూ మహిళా కళాశాలలు. వారి సహకారం ఘనమైన ప్రకటనతో మొదలవలేదు. 1951లో మూడు కళాశాలల గ్రంథాలయాలు, అరుదుగా చదివే పత్రికలను ముగ్గురం మూడు ప్రతులు కొనడమెందుకు, ఒకటే కొని ఒకచోట పెట్టుకుందాం అనుకున్నాయి. అంత చిన్న పని. పద్నాలుగేళ్ల తర్వాత, 1965లో, అది ఒక చట్టబద్ధమైన సమాఖ్యగా ఏర్పడింది. దానికంటూ ఒక చిన్న కార్యాలయం, జీతం తీసుకునే కొద్దిమంది సిబ్బంది ఉన్నారు. ఒక కళాశాలలో చేరిన విద్యార్థి అదనపు ఫీజు లేకుండా మరో కళాశాలలో పాఠం వినవచ్చు. ప్రాంగణాల మధ్య బస్సు నడుస్తుంది. 1969లో రేడియో ఖగోళ పరిశోధనకు ఉమ్మడి వేధశాల పెట్టుకుని, కొన్నేళ్లకు 14 మీటర్ల దూరదర్శిని నిర్మించుకున్నారు. ఆ చిన్న కళాశాలలు ఒంటరిగా ఊహించగలిగే పని కాదది.

అమెరికా మాట ఎందుకు, వాళ్లకు డబ్బుంది అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. అయితే గాదంకి మాట చెబుతాను. తిరుపతి నుంచి కాస్త దూరంలో, కొండల మధ్య, 1,024 యాంటెనాలతో 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పున పరచుకున్న రాడార్ ఉంది. 1990ల తొలినాళ్లలో అది పనిచేయడం మొదలుపెట్టింది. కేంద్రంలోని పలు శాఖలు కలిసి దానికి డబ్బు పెట్టాయి, అంతరిక్ష శాఖ బాధ్యత తీసుకుంది, అది జాతీయ వసతిగా నడిచింది. ఇప్పుడది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. దాన్ని ఉపయోగించుకునేందుకు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక ప్రత్యేక కేంద్రమే ఏర్పడింది. నాతో పాటు హాస్టల్లో ఉన్న భౌతికశాస్త్ర మిత్రులు రాత్రి పరిశీలనలకు గాదంకి వెళ్లి, నిద్రలేని కళ్లతో, వెలిగిపోతున్న ముఖాలతో పొద్దున తిరిగొచ్చేవారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం పిల్లలు ప్రపంచస్థాయి పరికరంతో పనిచేశారు. మన దగ్గర కుదరదని ఎవరైనా అంటే నాకు ఆ ముఖాలే గుర్తొస్తాయి.

ఇక, కలిస్తే ఏమొస్తుంది అన్న ప్రశ్న. రెండు సంగతులు మాత్రం చెబుతాను, మిగిలినవి నాకన్నా మీకే బాగా తెలుసు.

మన ప్రాంతంలో పాడి మీద బతికే కుటుంబాలు ఎక్కువ. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు పశువుల నుంచి పచ్చిపాల ద్వారా, పశువు ఈనే సమయంలో చేతులు పెట్టినప్పుడు మనుషులకు వస్తుంది. వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు, నీరసం దాని లక్షణాలు. మనిషి వైద్యుడి దగ్గరికి వెళతాడు, పశువు పశువైద్యుడి దగ్గరికి వెళుతుంది. ఈ రెండు కేసు కాగితాలు ఒకే ఇంటివని ఎవరికీ తెలియదు. ఈ దేశంలో వైద్య విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉన్న చోట్లు తక్కువ. నెలకొకసారి రెండు చోట్ల పీజీ విద్యార్థులు ఒక గదిలో కూర్చుని కేసులు చెప్పుకుంటే చాలు. దానికి నిధులక్కర్లేదు, ఒక గది, రెండు గంటల సమయం కావాలి.

రెండోది తాళపత్రాలు. ప్రాచ్య పరిశోధన సంస్థలో రాతప్రతులున్నాయి. సంస్కృత విశ్వవిద్యాలయంలో పాత లిపులు చదివే పండితులున్నారు. చెరిగిపోయిన అక్షరాన్ని వెలుగు పౌనఃపున్యం మార్చి ఫొటో తీసి బయటపెట్టే విద్య ఇంజినీర్లకు తెలుసు. ఆకు ఎందుకు పెళుసుబారుతుందో, ఏ నూనె రాస్తే నిలుస్తుందో మా రసాయనశాస్త్రం వాళ్లం చెప్పగలం. నలుగురూ ఒకే ఊళ్లో ఉన్నారు. తాళపత్రం మాత్రం మన కోసం ఆగదు, ఏడాదికేడాది పొడి రాలుతూనే ఉంటుంది.

ఒక సంస్థ విద్యార్థి మరో సంస్థలో పాఠం విని క్రెడిట్లు పొందే విషయంలో చట్టం మీ వైపే ఉంది. 2021 నాటి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల ప్రకారం, డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు పొందితే మిగిలినవి నమోదైన ఇతర సంస్థల నుంచి తెచ్చుకోవచ్చు. అడ్డొస్తున్నది నిబంధన కాదు, గంటల పట్టిక. ఒకచోట సెమిస్టరు ఆగస్టులో మొదలైతే మరోచోట అక్టోబరు దాకా ప్రవేశాలే పూర్తికావు. క్యాలెండర్లన్నీ ఒక్క ఏడాదిలో కలపమని నేను అడగను. వారంలో ఒక్క మధ్యాహ్నం, బుధవారం అనుకుందాం, అన్ని సంస్థలూ ఖాళీ ఉంచి, ఒక్కో సంస్థ ఒక్కో పాఠాన్ని పొరుగు విద్యార్థులకు తెరిస్తే చాలు. ఐసర్ విద్యార్థి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయదర్శనం, అంటే తర్కశాస్త్రం, వినవచ్చు. మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థిని ఐఐటీలో యంత్రాల పాఠం వినవచ్చు. ఆ మధ్యాహ్నం ఏర్పేడుకీ తిరుపతికీ మధ్య ఒక బస్సు కావాలి. ఒకవైపే సుమారు పాతిక కిలోమీటర్లు, ఆటోలు మార్చుకుంటూ వెళ్లమని పిల్లలకు చెప్పలేం.

మీ సందేహాలు నాకు తెలియనివి కావు. మహిళా ప్రాంగణంలోకి బయటివారిని ఎలా రానిస్తాం అన్నది న్యాయమైన ప్రశ్న. పేరు, ఫొటో, సంస్థ, గడువు ఉన్న కార్డు, ముందురోజు నమోదు, గ్రంథాలయం వరకే అనుమతి అంటే ఆ ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరుకుతుంది. పుస్తకాలు పోతాయన్నది అంత బరువైన అభ్యంతరం కాదు. మొదటి ఏడాది అక్కడే కూర్చుని చదువుకోనిస్తే సరిపోతుంది, ఇంటికివ్వనక్కర్లేదు.

నిజంగా బరువైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని పైకి ఎవరూ చెప్పరు. పరికరం ఇస్తే పని పెరిగేది ఎవరికి? టెక్నీషియన్‌కు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రిటైరైన టెక్నీషియన్ల చోటు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటోంది. ఉన్న ఒక్కరూ కాంట్రాక్టు మీద, అదీ నెలనెలా జీతం అందుతుందన్న భరోసా లేకుండా పనిచేస్తుంటారు. వార్షిక నిర్వహణకు డబ్బు లేక లక్షలు పోసి కొన్న యంత్రం గుడ్డకప్పుకుని కూర్చుంటుంది. అలాంటిచోట ‘పొరుగువారి నమూనాలు కూడా చూడు’ అంటే అతను ఎందుకు చూస్తాడు? చూడమనడం అన్యాయం కూడా. కాబట్టి పొరుగువారి నుంచి వసూలు చేసే రుసుము సంస్థ సాధారణ ఖాతాలో కలిసిపోకూడదు. ఒక భాగం ఆ యంత్రం మరమ్మతుకు, ఒక భాగం దాన్ని నడిపిన మనిషికి చేరాలి. ఇది ముందే రాతపూర్వకంగా తేల్చకుండా మొదలుపెట్టిన ఉమ్మడి ఏర్పాటు ఏదైనా ఆరునెలల్లో ఆగిపోతుందని నా నమ్మకం. యంత్రాల పేర్లతో పట్టిక వేసేటప్పుడు ప్రతి యంత్రం పక్కన దాన్ని నడిపేవారి పేరు, వారిని కలవగలిగే వేళ రాయండి. మనిషి పేరు లేని పట్టిక ఎవరికీ ఉపయోగపడదు.

జాతీయ సంస్థల డైరెక్టర్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు ఇచ్చేవారు, మిగిలినవారు పుచ్చుకునేవారు అన్న ఆలోచనతో దయచేసి రాకండి. మీకు కొత్త భవనాలు, కొత్త యంత్రాలు ఉన్నాయి. మీ పొరుగున డెబ్భై ఏళ్ల పొలం లెక్కలు, పశువుల రికార్డులు, శేషాచలం మొక్కల నమూనాలు, ఈ ప్రాంతపు పల్లెలతో తరతరాల పరిచయం ఉన్నాయి. ఏ నిధులతోనూ అవి ఇప్పుడు కొనలేరు. శేషాచలం 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమైంది. దానికి ముందు ఆ కొండ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే మీ విద్యార్థులు పాత విశ్వవిద్యాలయం తలుపు తట్టక తప్పదు.

నా స్వార్థం కూడా దాచను. ఈ సమాఖ్య విశ్వవిద్యాలయాల దగ్గరే ఆగిపోకూడదు. శ్రీకాళహస్తి, పుత్తూరు, పీలేరు వంటి ఊళ్లలో డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పే నాలాంటి అధ్యాపకులు పీహెచ్‌డీ పట్టా చేతికి రాగానే గ్రంథాలయానికి దూరమవుతారు. మా కళాశాలలో ఉన్న సీలు తీయని రసాయనాల సీసాలను, మూడు సూక్ష్మదర్శినులను చూపించి పిల్లల్లో పరిశోధన మీద ఆశ పుట్టించాలి మేము. ఏడాదికి నాలుగురోజులు మా పిల్లలను ఒక మంచి ప్రయోగశాలకు తీసుకువెళ్లి, ఒక స్పెక్ట్రమ్ కాగితం మీదికి రావడం వాళ్ల కళ్లతో చూపించగలిగితే, మేము ఏడాదంతా చెప్పే పాఠం కంటే అది వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. కార్డు మాక్కూడా ఇవ్వండి.

నేను కోరుతున్నది మరో అవగాహన ఒప్పందం కాదు. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా మీ గ్రంథాలయాధికారులను, కేవలం గ్రంథాలయాధికారులను, ఒక పూట ఒక గదిలో కూర్చోబెట్టండి. పరిశోధక విద్యార్థులందరికీ చెల్లే ఒక ఉమ్మడి పఠన కార్డు నమూనా వాళ్లు తయారుచేయగలరు. దాన్ని మీరు ఆమోదించిన రోజున, ఆ ఉత్తర్వు ప్రతిని రిజిస్ట్రార్ దస్త్రంలో ఉంచడంతో ఆపకండి. గేటు దగ్గర, కౌంటరు దగ్గర, తెలుగులో అతికించండి. ఆ కార్డు ఒక ఏడాది సజావుగా నడిస్తే యంత్రాల పట్టిక, బుధవారం పాఠం, బస్సు దాని వెనకే వస్తాయి. కనెక్టికట్ లోయలో గ్రంథాలయం నుంచి సమాఖ్య దాకా రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. మనకు అంత పట్టకూడదని నా కోరిక, పట్టినా పరవాలేదు.

ఆ సమావేశానికి ముసాయిదా రాయడంలో, కళాశాలల నుంచి పేర్లు సేకరించడంలో, కార్డులు పంచడంలో నా చేతనైన పని చేస్తాను. ఏ ఆదివారం పిలిచినా వస్తాను.

నా విద్యార్థిని ఇంకా ఆ సిద్ధాంత గ్రంథం చూడలేదు. అందులో యాభై ఏళ్ల కిందటి బావి నీటి లెక్కలున్నాయి. నా గ్రంథంలో ఇరవై ఏళ్ల కిందటివి ఉన్నాయి, వాటిని జిరాక్సు తీయించి ఆమెకు పంపాను. ఈ ఏటి లెక్కలు ఆమె సీసాల్లో ఉన్నాయి. ఈ మూడూ పక్కపక్కన పెడితే స్వర్ణముఖి ఒడ్డున బావి నీళ్లు తాగే పల్లెలకు ఒక సంగతి తెలుస్తుంది. ఆమె సమర్పణ గడువుకు ఇంకా పద్నాలుగు నెలలుంది.

గౌరవంతో,

మీ ఊళ్లో చదువుకున్న ఒక అధ్యాపకుడు